ఊరు మారితే ఏ కాగితం వెంట తీసుకెళ్లాలి, ఏది ఊళ్లోనే ఉంచాలి? పెద్దమందడి నుంచి వెళ్లే కుటుంబాల కోసం

పెద్దమందడి మండలం నుంచి మనుషులు బతుకుదెరువుకు పోవడం ఇవాళ్టి సంగతి కాదు, తాతల కాలం నుంచి ఉన్నదే. పోయే తీరు మాత్రం మారింది. అప్పట్లో పంట ఇంటికి చేరగానే మగవాళ్లు గుంపు మేస్త్రి వెంట బయలుదేరేవారు, తొలకరికి తిరిగొచ్చేవారు. ఇల్లు, ముసలివాళ్లు, రేషన్ కార్డు, ఓటు, పిల్లల బడి అన్నీ ఊళ్లోనే ఉండేవి. ఇప్పుడు కుటుంబం మొత్తం కదులుతోంది. సామాను ట్రాలీ ఆటోకి ఎక్కిస్తారు, తలుపుకు తాళం వేస్తారు, పక్కింటివాళ్లకు చెప్పి వెల్టూరు దగ్గర జాతీయ రహదారి 44 ఎక్కుతారు. మూడు గంటల్లో ఆరాంఘర్. కొందరు అక్కడ ఆగుతారు, కొందరు అటే ముంబై, పుణె దాకా పోతారు.

తిప్పలు వెంటనే తెలియవు, ఏడాది రెండేళ్లకు బయటపడతాయి. ఊళ్లో "వీళ్లు ఇక్కడ ఉండట్లేదు" అని ఒక జాబితాలోంచి పేరు పోతుంది. కొత్త చోట "మీరు ఇక్కడివాళ్లు కాదు కదా" అని ఇంకో జాబితాలో పేరు ఎక్కదు. కుటుంబం రెండు చోట్లా లేకుండా పోతుంది. కష్టపడి సంపాదించిన నాలుగు పైసలు ఆఫీసుల చుట్టూ తిరగడానికే ఖర్చవుతాయి. కూలి పని మానుకుని తిరగాలి కాబట్టి నష్టం రెండింతలు.

దీనికి కారణం చాలావరకు ఒక్కటే. ఊరు మారేటప్పుడు కొందరు అన్నీ మార్చేస్తారు, కొందరు ఏదీ మార్చరు. రెండూ తప్పే. కొన్ని కాగితాలు మనిషి వెంట నడవాలి, కొన్ని ఊళ్లోనే ఉండాలి. ఏది ఏదో సామాను కట్టకముందే తేల్చుకోవాలి.

పాలమూరు దారి

ముంబైలో కామాఠీపురా అనే పేటకు ఆ పేరు రావడానికి కారణం నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లిన కామాఠీ కూలీలు. అంటే ఈ దారి వందేళ్లకు పైగా పాతది. స్వతంత్రం వచ్చాక నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి ఆనకట్టల మట్టి మోసిందీ పాలమూరు లేబరే. గుంపు మేస్త్రి ఇంటికొచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఆ అప్పు తీరేదాకా అతను చెప్పిన చోట పని చేయాలి. దేశంలో ఎక్కడ కాలువ తవ్వినా, రోడ్డు వేసినా పాలమూరు గుంపు కనిపించేది. తుర్కోళ్లు, మాదిగలు, బోయలు, లంబాడాలు అందరూ ఒకే గుడిసెల వరసలో ఉండేవారు.

ఈ అడ్వాన్సు సంగతిలో ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. అప్పు తీరలేదని మనిషిని పనిచోటు నుంచి కదలనివ్వకపోవడం 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం నేరం. వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే కూలీల కోసం 1979లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లో ఉంది. ఏ చట్టమైనా మేస్త్రి నోటి మాట మీద నడవదు. ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, రోజు కూలి ఎంత, కోత ఎంత అన్నది చిన్న నోటుబుక్కులో రాసుకుని మేస్త్రి చేత సంతకం పెట్టించుకుంటే రేపు ఎక్కడికి వెళ్లి చెప్పుకోవడానికైనా ఆధారం ఉంటుంది. ఫోన్లో ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపితే ఇంకా మంచిది.

జూరాల, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వనపర్తి ప్రాంతంలో వరి పెరిగింది, వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. అయితే నీళ్లు వచ్చింది భూమి ఉన్నవాళ్లకు. ఈ ఊళ్లలో చాలా ముస్లిం కుటుంబాలకు ఉన్నది ఎకరమో అరెకరమో, లేదంటే అదీ లేదు. కోళ్ల దుకాణం, పంక్చర్ షాపు, దర్జీ పని, వెల్డింగ్, డ్రైవింగ్, తాపీ పని. వీటికి గిరాకీ పట్నంలోనే ఎక్కువ. అందుకే నీళ్లొచ్చినా ఈ ఇళ్ల నుంచి ప్రయాణం ఆగలేదు.

ముందు పేరు సరిచేసుకోవాలి

ఊళ్లో ఉన్నంతకాలం పేరులో తేడా పెద్ద సమస్య కాదు. హెడ్‌మాస్టరుకు తెలుసు, డీలరుకు తెలుసు, పంచాయతీ కార్యదర్శికి తెలుసు. ఖాజామియా అంటే ఏ ఖాజామియానో ఊరంతటికీ తెలుసు. కొత్త చోట కాగితం తప్ప మనిషిని గుర్తుపట్టేవాళ్లు ఉండరు.

మన ఇళ్లలో పేర్ల సంగతి చూడండి. బడి రిజిస్టర్‌లో "ఎండీ ఖాజా". ఆధార్‌లో "మహమ్మద్ ఖాజా మియా". రేషన్ కార్డులో "ఖాజామియా". బ్యాంకు పాసుబుక్కులో "మొహమ్మద్ ఖాజా". భార్య ఒక చోట "రజియాబీ", ఒక చోట "రజియా బేగం", ఇంకో చోట "షేక్ రజియా". ముగ్గురూ ఒక్కరేనని రాసిన క్లర్కుకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఎండీ, మహ్మద్, మొహమ్మద్ అన్నవి దానికి మూడు వేర్వేరు పేర్లు. ఇంటిపేరు అడిగే ఫారంలో "షేక్" రాయాలా, తండ్రి పేరు రాయాలా అన్నది ఇంట్లోనే తేలదు, పెద్దోడికి ఒకలా, చిన్నోడికి ఒకలా రాసి ఉంటారు.

కాబట్టి ఊరు విడిచే ముందు కూర్చుని ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒకే అక్షరక్రమం ఖాయం చేసుకోవాలి. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. పిల్లలకైతే బడి రిజిస్టర్‌లో ఏముందో అదే మూలం, ఎందుకంటే పదో తరగతి మెమో అక్కడి నుంచే వస్తుంది. పిల్లవాడు ఇంకా ఆ బడిలో చదువుతుండగా తప్పు దిద్దించుకోవడం సులువు. టీసీ తీసుకుని వెళ్లిపోయాక కష్టం, పదో తరగతి మెమో వచ్చాక మరీ కష్టం. తండ్రి పేరు కూడా అందులో ఎక్కుతుంది కాబట్టి ముందు తండ్రి ఆధార్ సరిగ్గా ఉందో లేదో చూడాలి.

ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ అయితే ఒక్కసారే. తొందరపడి ఏదో ఒకటి రాయించి రెండు అవకాశాలూ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పిల్లలకు ఐదేళ్లు, పదిహేనేళ్లు నిండినప్పుడు వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి. అది చేయించకపోతే రేషన్ దగ్గరా, పరీక్ష ఫీజు దగ్గరా వేలిముద్ర పడట్లేదు అంటారు.

పుట్టిన సర్టిఫికెట్ పుట్టిన చోటే దొరుకుతుంది, ముంబై నుంచి రాసుకుంటే రాదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి అదే ఆధారం. ఇంట్లో పురుడు పోసుకుని నమోదు చేయించని బిడ్డ ఉంటే, ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు తీసుకోవాలి. ఆ పని సొంత మండలంలో ఉన్నప్పుడే పూర్తి చేసుకుంటే మంచిది.

బీసీ-ఈ కుల ధ్రువీకరణ పత్రం కూడా అంతే. ముస్లింలలోని 14 సామాజిక వర్గాలకు 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌కు ఆధారం తహసీల్దార్ ఇచ్చే ఆ పత్రమే. హైదరాబాద్‌లో కిరాయికి ఉంటూ అడిగితే "మీ సొంత ఊరు ఏది" అని తిప్పి పంపుతారు. మీసేవలో దరఖాస్తు చేసి, తల్లిదండ్రులవీ పిల్లలవీ అన్నీ ఒకేసారి తీసుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి. ఈ పత్రం వేరే రాష్ట్రంలో ఆ రాష్ట్ర రిజర్వేషన్లకు పనికిరాదు, తెలంగాణలో పిల్లలు చదువుకు, ఉద్యోగానికి తిరిగొచ్చినప్పుడే కావాలి. అయినా ఇప్పుడు తీసుకోవాల్సిందే.

ఇంకో చిన్న సంగతి. నిజానికి చిన్నది కాదు. ఆధార్‌కు, బ్యాంకుకు ముడిపడిన ఫోన్ నంబరును చావనివ్వకూడదు. ఊళ్లో వాడిన సిమ్ రీఛార్జి చేయకుండా వదిలేస్తే కొన్నాళ్లకు కంపెనీ ఆ నంబరును ఇంకొకరికి ఇచ్చేస్తుంది. తర్వాత ఓటీపీలన్నీ ఎవరికో పోతాయి. భార్య ఆధార్‌కు భర్త నంబరు, పిల్లల ఆధార్‌కు మామ నంబరు ఉన్న ఇళ్లలో ఇది మరీ ఇబ్బంది.

పిల్లల బడి: షాద్‌నగర్‌కు, జడ్చర్లకు తేడా

కుటుంబాలు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇది, తర్వాత ఎక్కువగా బాధపడేదీ ఇదే.

తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నేరుగా భర్తీ చేసే సర్కారు ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. స్థానికుడు ఎవరన్నది ఆధార్ చిరునామా చూసి తేల్చరు, ఓటు చూసి తేల్చరు. 1వ తరగతి నుంచి 7వ తరగతి దాకా ఏ జిల్లాలో ఎక్కువ ఏళ్లు చదివారో చూస్తారు. ఒక పిల్లవాడు 3వ తరగతి దాకా పెద్దమందడిలో చదివి, 4 నుంచి 7 దాకా రంగారెడ్డి జిల్లాలో చదివితే అతను రంగారెడ్డి స్థానికుడు. తాతల ఇల్లు, ఖబ్రస్తాన్ అన్నీ వనపర్తి జిల్లాలో ఉన్నా, వనపర్తి జిల్లా పోస్టుకు అతను స్థానికేతరుడు.

ఇక్కడే షాద్‌నగర్ సంగతి చూడాలి. పాతవాళ్ల దృష్టిలో షాద్‌నగర్ అంటే మన పాలమూరే. కానీ 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు పెద్దమందడి వనపర్తి జిల్లాలోకి, షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లాయి. ఉద్యోగాల లెక్కలో మహబూబ్‌నగర్, నారాయణపేట, జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు జోగుళాంబ జోన్. రంగారెడ్డి, హైదరాబాద్, మేడ్చల్, సంగారెడ్డి, వికారాబాద్ చార్మినార్ జోన్. కంపెనీ పని కోసం జడ్చర్లలోనో బాలానగర్‌లోనో ఉంటే పిల్లల జోన్ మారదు, జిల్లా మారుతుంది. దారిలో కాస్త ముందుకు పోయి షాద్‌నగర్‌లో దిగితే జిల్లా, జోన్ రెండూ మారతాయి. గంట ప్రయాణంలో ఇంత తేడా ఉంది.

మారడం చెడ్డదని కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల పోస్టులు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువ. ఏది మంచిదో ఆ కుటుంబమే ఆలోచించుకోవాలి, తెలిసి మారాలి. అందరికన్నా నష్టపోయేది ఏడేళ్లలో రెండేళ్లు ఊళ్లో, రెండేళ్లు పట్నంలో, మూడేళ్లు పుణెలో చదివి, ఏ బడి నుంచీ బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకోని పిల్లవాడు. చదివిన ప్రతి బడి నుంచీ, చదివిన ప్రతి ఏడాదికీ బోనఫైడ్ తీసుకోవడం అలవాటు చేసుకోవాలి. ప్రైవేటు బడులు మూతపడతాయి, పదేళ్ల తర్వాత వెళ్తే అక్కడ సూపర్ మార్కెట్ ఉంటుంది.

మెడికల్ సీటు ఆశ ఉన్న ఇంట్లో ఇంకో లెక్క. 2024లో వచ్చిన నిబంధన ప్రకారం 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు తెలంగాణలో చదివితేనే స్థానిక కోటా. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఎనిమిదో తరగతి పాసైన అమ్మాయిని రాయచూరుకో ముంబైకో తీసుకెళ్లే ముందు ఈ మాట గుర్తుండాలి.

బడి మార్చడానికి సరైన కాలం ఏప్రిల్ పరీక్షలయ్యాక, జూన్ బడులు తెరవకముందు. మధ్యలో మారాల్సి వచ్చినా భయపడక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా టీసీ రావడం ఆలస్యమైందని సర్కారు బడి చేర్చుకోకుండా ఆపకూడదు, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి. ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ పట్టుకుని కూర్చుంటే, కనీసం పిల్లవాడి శాశ్వత విద్యా సంఖ్య, అంటే పెన్ నంబరు తెలుసుకుంటే కొత్త బడివాళ్లు పాత వివరాలు ఆన్‌లైన్‌లో చూడగలరు.

భాష సంగతి రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. తెలంగాణలో 2018 చట్టం వల్ల అన్ని బడుల్లో తెలుగు ఉంటుంది, కాబట్టి హైదరాబాద్‌కు వెళ్తే ఆ ఇబ్బంది లేదు. మహారాష్ట్రలో 2020 చట్టంతో మరాఠీ తప్పనిసరి. ముంబై నగరపాలక సంస్థ తెలుగు, ఉర్దూ సహా ఎనిమిది మాధ్యమాల్లో బడులు నడుపుతుంది. పెద్దమందడిలో తెలుగు రాసుకున్న పిల్లవాడిని ఉర్దూ మీడియంలో వేస్తే, ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు కదా చదివేస్తాడులే అనుకుంటారు. మాట్లాడటం వేరు, కుడి నుంచి ఎడమకు రాసే లిపిలో లెక్కలు, సైన్సు చదవడం వేరు. మూడో తరగతి లోపలైతే పట్టుకుంటాడు. ఆరో తరగతిలో మార్చితే చాలామంది వెనకబడతారు.

ఇవేవీ కుదరనప్పుడు పిల్లల్ని ఇక్కడే ఉంచే దారి కూడా ఉంది. 2016లో 71 బడులతో మొదలై తర్వాత 204కు చేరిన తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో ఐదో తరగతి నుంచి చదువు, తిండి, వసతి ఉచితం, ఇంగ్లీషు మీడియం, ఉర్దూ ఒక సబ్జెక్టుగా ఉంటుంది. ఆడపిల్లల్ని దూరం పెట్టడానికి తల్లి మనసు ఒప్పుకోదు, నిజమే. కానీ పనిచోటున రేకుల షెడ్డులో ఒంటరిగా వదిలి తల్లిదండ్రులిద్దరూ పనికి పోవడం కన్నా అది భద్రం.

బియ్యం, ఓటు, పింఛను

రేషన్ కార్డు చిరునామా మార్చాల్సిన అవసరం చాలామందికి లేదు. తెలంగాణలో ఏ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. వేరే రాష్ట్రంలో తీసుకునే పద్ధతి 2019 ఆగస్టులో మొదలైంది, మొదట కలిసిన జంటల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022 నాటికి దేశమంతా వచ్చింది. భర్త ముంబైలో తన వంతు, భార్యాపిల్లలు ఊళ్లో తమ వంతు తీసుకునే వీలు కూడా ఉంది. అయితే ఒక మెలిక ఉంది. మన రాష్ట్రంలో కేంద్ర జాబితాలో ఉన్న కార్డులు, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులు రెండు రకాలు. రెండో రకం రాష్ట్రం దాటితే పనిచేయదు. మీది ఏదో బయలుదేరే ముందే డీలరును అడగాలి. 2025 ఉగాది నుంచి ఇక్కడ ఇస్తున్న మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం అక్కడ దొరకదు, అక్కడ ఐదు కిలోలే, ఆ రాష్ట్రం ఇచ్చే రకమే. ఇంట్లో అందరి ఈకేవైసీ పూర్తయి ఉండాలి. నెలల తరబడి ఎక్కడా బియ్యం తీసుకోకపోతే కార్డు మీద అనుమానం వస్తుంది.

ఓటు సంగతి వేరు, అక్కడ ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. రెండు చోట్ల ఓటు ఉండటం నేరం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం మామూలుగా నివసించే చోట ఓటు అంటుంది, కొన్నాళ్లు బయటికి వెళ్లినంత మాత్రాన ఆ నివాసం పోదని కూడా అంటుంది. అందుకే సీజన్‌కు వెళ్లి వచ్చేవాళ్లు ఊళ్లోనే ఉంచుకోవచ్చు. పిల్లల్ని బడిలో వేసి, గ్యాస్ మార్చుకుని స్థిరపడినవాళ్లు ఫారం 8 నింపి కొత్త చోటికి మార్చుకోవడం మేలు. ఫారం 6 నింపకూడదు, అది కొత్త ఓటర్లకు. అది నింపితే రెండు ఓట్లవుతాయి.

ఎందుకింత గట్టిగా చెప్పాల్సి వస్తోందంటే, 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగింది. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. అందులో సుమారు 36 లక్షల మందిని శాశ్వతంగా వెళ్లిపోయినవాళ్లు లేదా ఇంటి దగ్గర దొరకనివాళ్లుగా లెక్కించారు. తాళం వేసిన ఇంటికి సిబ్బంది వచ్చి వెళ్తే అలాంటి లెక్కలోనే పేరు పడుతుంది. ఊళ్లో ఓటు ఉంచుకున్న కుటుంబం బూత్ స్థాయి అధికారి ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోవాలి. ఇంటికి ఎవరైనా వస్తే చెప్పమని ఊళ్లో ఉన్న బంధువుకో పక్కింటివాళ్లకో అప్పజెప్పాలి.

దాదీనో నానీనో వెంట తీసుకెళ్తే చేయూత పింఛను ఏమవుతుందన్నది చాలా ఇళ్లలో గొడవే. నెలకు 2,016 రూపాయలు పెద్ద మొత్తం కాకపోవచ్చు, కానీ ముసలామె చేతిలో అది సొంత డబ్బు, మనవడికి చాక్లెట్ కొనిచ్చే డబ్బు. వేలిముద్ర వేసి తీసుకునే పింఛనైతే నెలనెలా ఊరికి రావాలి. వరసగా కొన్ని నెలలు తీసుకోకపోతే ఆగే ప్రమాదం ఉంది. ఎంపీడీవో ఆఫీసులో అడిగి, బదిలీ చేయించుకోవాలా, అక్కడే ఉంచాలా అన్నది వెళ్లే ముందే తేల్చుకోవాలి.

భూమి ఉన్నవాళ్లకు రైతు భరోసా పట్టా మీద వస్తుంది, మనిషి ఎక్కడున్నా ఫర్వాలేదు. బ్యాంకు ఖాతా చాలు. రైతు బీమాలో నామినీ పేరు ఒకసారి చూసుకోవాలి.

ఆధార్ చిరునామా మార్చాలా వద్దా అని చివరిదాకా తేలదు. హైదరాబాద్‌కు వెళ్తే మార్చుకోవడంలో నష్టం లేదు. వేరే రాష్ట్రం చిరునామా వేయించుకుంటే మాత్రం కొన్ని పోతాయి. పండక్కి వచ్చినప్పుడు జీరో టికెట్ అడిగితే కండక్టర్ తెలంగాణ చిరునామా ఉన్న కార్డు చూపమంటాడు. షాదీ ముబారక్ రాష్ట్రంలో నివాసమున్న కుటుంబాలకే, తహసీల్దార్ ఆ నివాసాన్నే పరిశీలిస్తాడు. ఏడాది రెండేళ్లలో ఆడపిల్ల నిఖా ఉన్న ఇల్లు ఈ మార్పుకు తొందరపడకపోవడమే తెలివి. నిఖా తర్వాత ఖాజీ సాబ్ దగ్గర నిఖానామా కాపీ తీసుకుని, వక్ఫ్ బోర్డు ఇచ్చే వివాహ ధ్రువీకరణ పత్రం కూడా తీసిపెట్టుకుంటే, అల్లుడు గల్ఫ్‌లో ఉన్నప్పుడు వీసాకు అదే అక్కరకొస్తుంది.

కొత్త మొహల్లాలో

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా మనసు కుదరడానికి ఏడాది పడుతుంది. ఎక్కువ బాధ ఆడవాళ్లది. ఊళ్లో ఎదురింటి లక్ష్మమ్మ అక్క, పక్కింటి రెడ్డి మామ, కిరాణా కొట్టు చిన్నాయన ఉంటారు. కులం ఏదైనా వరసలు ఉంటాయి. పొయ్యి మీద పాలు పెట్టి బిడ్డను చూడమని చెప్పి బయటికి వెళ్లొచ్చు. పట్నంలో రెండో అంతస్తు కిరాయి గదిలో మధ్యాహ్నం మాట్లాడటానికి మనిషి ఉండదు. మొదటి మూడు నెలలు ఇంటివైపు ఫోన్లే దిక్కు.

పాతబస్తీలోనో కాటేదాన్ వైపో మనవాళ్ల మధ్యకే పోతున్నాం కదా, ఇబ్బందేముంటుంది అనుకుంటారు. అక్కడ ఇంకో చిక్కు. పాలమూరు ఊళ్లలో మన దక్కనీలో సగం తెలుగు మాటలు దొర్లుతాయి. హైదరాబాదీ ఉర్దూ మాట్లాడే పిల్లలు దాన్ని విని నవ్వుతారు, "గావ్‌వాలే" అంటారు. పదేళ్ల పిల్లవాడికి ఆ మాట గుచ్చుకుంటుంది. ఇంటికొచ్చి అమ్మీని "నువ్వు బయట మాట్లాడకు" అంటాడు. తల్లిదండ్రులు దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయకూడదు. తెలుగు బాగా రావడం ఆ పిల్లవాడి బలం. పక్క గల్లీ పిల్లలు పదో తరగతిలో తెలుగు పేపరుకు భయపడుతుంటే, పెద్దమందడి బడిలో చదివి వచ్చినవాడు తేలిగ్గా రాస్తాడు. ఈ మాట వాడికి ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాలి. 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. రెండూ రాయగలిగినవాడికి రేపు పనికొచ్చే చదువు అది.

మస్జిద్ ఈ సర్దుబాటులో చాలా పని చేస్తుంది. వారం రోజుల్లోపే ఇంటి పెద్ద ఇమామ్ సాబ్‌ను, కమిటీ సదర్‌ను కలిసి, ఏ ఊరివాళ్లం, ఎక్కడ ఉంటున్నాం, ఏం పని చేస్తాం అన్నది చెప్పుకోవడం మంచిది. పిల్లల మక్తబ్ వేళలు, ఏ కిరాయి ఇల్లు ఎలాంటిది, ఏ మేస్త్రి నమ్మదగినవాడు, ఏ ఆసుపత్రిలో రాజీవ్ ఆరోగ్యశ్రీ నడుస్తుంది, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఆ పథకం పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు, రాష్ట్రంలో ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది, వనపర్తిలోనే చూపించుకోవాలని లేదు. ఆడవాళ్లకు మస్జిద్ కన్నా బడి గేటు, కుట్టు పని నేర్పే చోటు ఎక్కువ ఉపయోగపడతాయి. నలుగురు తల్లులతో పరిచయమైతే సగం బెంగ తీరుతుంది.

కిరాయి ఇల్లు దొరకడంలో పేరు చూసి తలుపు వేసేవాళ్లు ఉన్నారు, దాన్ని దాచి లాభం లేదు. అందుకే చాలామంది మనవాళ్ల గల్లీలకే పోతారు, అక్కడ కిరాయి ఎక్కువైనా. నోటి మాట మీద అడ్వాన్సు ఇవ్వకుండా, చిన్నదైనా అగ్రిమెంటు రాయించుకోవాలి, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉందో చూడాలి. కిరాయిదారులకు కూడా 200 యూనిట్ల గృహజ్యోతి వర్తిస్తుంది, రేషన్ కార్డు ఒక మీటరుకే ముడిపడుతుంది. ఊళ్లో తాళం వేసిన ఇంటి మీటరుకు ఆ కార్డు అతికి ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఎవరూ ముందుగా మాట్లాడుకోని సంగతి ఒకటుంది. ఇంట్లో ముసలివాళ్లెవరైనా అక్కడ కన్నుమూస్తే ఎక్కడ దఫన్ చేయాలి? హైదరాబాద్ నుంచైతే మూడు గంటల్లో ఊరికి తెస్తారు, జనాజాకు ఊరంతా వస్తుంది. ముంబై నుంచైతే రాత్రంతా ప్రయాణం, వేల రూపాయలు, ఆలస్యం. అక్కడి ఖబ్రస్తాన్‌లో జాగ కోసం మస్జిద్ కమిటీ సహాయం కావాలి, అప్పటికి కమిటీకి ఈ కుటుంబం తెలిసి ఉండాలి. దాదీని వెంట తీసుకెళ్తున్నప్పుడు ఆమెనే అడగడం పద్ధతి. చాలామంది పెద్దవాళ్లు "నన్ను ఊళ్లోనే పెట్టండి" అంటారు. కొందరు ఆ ఒక్క కారణంతోనే ఊరు కదలరు, పిల్లలు నెలకోసారి వచ్చిపోతే చాలంటారు. అలా ఆమె ఊళ్లో ఉండిపోతే మందులు ఎవరు తెస్తారు, రాత్రి జ్వరమొస్తే ఎవరు పిలుస్తారు అన్నది పేరు పెట్టి ఒకరికి అప్పజెప్పి వెళ్లాలి.

తాళం వేసిన ఇంటికి కూడా ఏటా కొంచెం పని ఉంటుంది. పంచాయతీకి ఇంటి పన్ను కట్టి రసీదు దాచుకోవాలి. ఇంటి నంబరు ఆ కుటుంబం పేరు మీదే ఉందనడానికి ఆ చిన్న కాగితమే సాక్ష్యం. బక్రీద్‌కు వచ్చినప్పుడు పంచాయతీ ఆఫీసు తెరిచి ఉండదు, కాబట్టి పండక్కి రెండు రోజుల ముందే రావాలి.